లోకల్‌లో లారీ పని లేదంటే ఎట్లా?

డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నల్లగొండ, పాలమూరు వైపు లోకల్‌లో లారీ పని దొరకదట. హెవీ లైసెన్స్ లేనిదే స్టీరింగ్ ముట్టనివ్వరట. నాలుగు డబ్బులు కావాలంటే రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ బండెక్కి ఇల్లు మరవాల్సిందేనట.

పని లేదన్న మాట మిర్యాలగూడలో అంటే నవ్వుతారు. రైస్ మిల్లులకు వడ్లు రావాలి, బియ్యం పోవాలి. అటు వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు. ఇటు 44వ నంబరు హైవే పొంటి పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలు, కొత్తూరులో గోదాములు. కాకపోతే ఈ పని ఫోన్ చూస్తూ కూర్చుంటే రాదు. లోడింగ్ యార్డుకు, కాంటా దగ్గరికి పోయి అడగాలి. ఏ ఓనరు బండి డ్రైవర్ లేక నిలబడిందో అక్కడే తెలుస్తుంది.

చిన్న బండ్ల వరకు లైసెన్స్ మాట శుద్ధ తప్పు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్టు బండిని మామూలు కారు లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. టాటా ఏస్, బొలెరో పికప్ అందులోకే వస్తాయి. డీసీఎం (మధ్యరకం సరుకు వ్యాన్) అయితే ఆర్సీలో బరువు చూసుకోండి. పెట్రోల్ ట్యాంకర్ లాంటివాటికి ఈ వెసులుబాటు లేదు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన కూడా 2019లోనే పోయింది.

ఇక డబ్బులు. ఇక్కడ మెసేజ్‌లో సగం నిజం ఉంది. లోకల్‌లో డ్రైవర్‌ను ముంచేది దూరం తక్కువ కావడం కాదు, ఎదురుచూపు. యాసంగి వడ్లు దిగే రోజుల్లో మిల్లు గేటు ముందు లారీలు బారులు తీరతాయి. ట్రిప్పు లెక్కన ఒప్పుకున్నవాడు బండి కింద పట్టా పరుచుకుని తన సీరియల్ నంబరు కోసం చూస్తుంటాడు. టీ, టిఫిన్ తన జేబులోంచే. అందుకే నెల జీతమా, ట్రిప్పు లెక్కా, బండి ఆగిన రోజులకిచ్చే హాల్టింగ్ బత్తా ఎంత అన్నది తాళం చేతికి తీసుకోకముందే మాట్లాడుకోవాలి. సిమెంటు తడిస్తే, బస్తా చిరిగితే ఎవరు భరిస్తారో కూడా అడగాలి. టార్పాలిన్‌కు చిల్లు పెట్టుకుని తిప్పేది ఓనరు, జీతంలో కోత డ్రైవర్‌కు!

దూరాలు పోయే లైన్ బండిలో చేతికొచ్చే మొత్తం పెద్దదే, కాదనను. రోడ్డు మీద తిండికి, స్నానానికి పోయేది తీసేసి లెక్క కట్టండి.

ఇంతకీ ఆ మెసేజ్ చివర ఒక నంబరు, ‘బయటి రాష్ట్రంలో డ్రైవర్ ఉద్యోగం, రిజిస్ట్రేషన్ ఫీజు ముందే కట్టాలి’ అన్న ముక్క ఉన్నాయి. నిజంగా బండి ఇచ్చే ఓనరు ఫీజు అడగడు. లైసెన్స్ చూసి, యార్డులో ఒకసారి రివర్స్ కొట్టి చూపించమంటాడు.