శనివారం ఉదయం కార్టూన్లు: తిరుగుతున్న పోస్టులో నిజమెంత?

స్కూబీ-డూ ఫొటోతో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అమెరికాలో ఒకప్పటి శనివారం ఉదయం కార్టూన్లలో ప్రతి కదలికనూ ఓపిగ్గా చేత్తో గీశారట. అవి పిల్లల కోసమే పుట్టాయట, వ్యాపారం సోకలేదట. వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. చివరికి ప్రభుత్వం ఒక్క చట్టంతో వాటిని చంపేసిందట. మొదటి మాటలో సగం తప్ప మిగతాదేదీ నిలవదు.

చేత్తో గీసిన సంగతి నిజమే. ఎన్ని గీశారన్నదే ప్రశ్న. ఫిల్ముకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు వాడినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 22 నిమిషాల ఎపిసోడ్‌లో అంతసేపూ కదిలే ఒక్క పాత్రకే 15,840. టీవీ వాళ్లిచ్చే డబ్బుకు అది అయ్యే పని కాదు. 1957లో హాలీవుడ్ సంస్థ ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేశాక సొంత స్టూడియో పెట్టి, తర్వాత స్కూబీ-డూ తీసిన హన్నా, బార్బెరా గీత తగ్గించే కిటుకుల మీదే నిలదొక్కుకున్నారు. పాత్రను ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో సెల్ (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద గీసేవారు. మాట్లాడేటప్పుడు ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది, నోరో తలో మాత్రమే మారుతుంది. బట్టల్లేని ఎలుగుబంటి యోగి బేర్‌కు కాలరూ టై ఎందుకు? తలకూ ఒంటికీ మధ్య అతుకు కనబడకుండా. పరుగులో అదే చెట్టు, అదే కిటికీ మళ్లీమళ్లీ వచ్చేది ఒకే బ్యాక్‌గ్రౌండ్‌ను తిప్పితిప్పి వాడినందుకు.

తప్పులు దొర్లేదీ ఇక్కడే. సెల్ చూడ్డానికి అద్దంలా ఉన్నా, పైన పొరలు పడేకొద్దీ కింది రంగు కాస్త మసకబారుతుంది. అందుకని ఏ పొరలో ఉంటుందో చూసుకుని రంగు కలపాలి. తొందరలో పొర మారిందంటే పాత్ర చెయ్యి రంగు ఉన్నట్టుండి మారిపోతుంది. ఏ తలుపు తెరుచుకోబోతోందో మనకు ముందే తెలిసిపోయేది కూడా అందుకే. కదలని గోడకు నీడలతో పెయింటింగు, కదిలే తలుపుకు సెల్ మీద చదును రంగు. ఆ లోటును కప్పింది గొంతులు. యోగికి డాస్ బట్లర్, స్కూబీకి డాన్ మెసిక్. పొగడాలంటే ముందు వాళ్లను పొగడండి.

ఇక పిల్లల కోసమే పుట్టాయన్న మాట. ఫ్లింట్‌స్టోన్స్ 1960లో ఏబీసీ టీవీ నెట్‌వర్క్‌లో శుక్రవారం రాత్రి, పెద్దలూ చూసే వేళలో మొదలైంది. మొదట్లో దాని స్పాన్సర్లలో విన్‌స్టన్ సిగరెట్లు ఒకటి. అందులోని పాత్రలు ఫ్రెడ్, బార్నీ స్వయంగా దమ్ము కొడుతూ ప్రకటనల్లో కనిపించారు! జెట్సన్స్ 1962లో ఆదివారం రాత్రి వచ్చింది. ఆ మొదటి 24 ఎపిసోడ్లనే తర్వాత ఏళ్ల తరబడి శనివారాల్లో తిప్పారు. వ్యాపారం సోకలేదంటారా, 1969లో ఏబీసీ వేసిన హాట్ వీల్స్ మ్యాటెల్ బొమ్మకార్ల పేరుతో వచ్చిందే. పోటీ కంపెనీ ఫిర్యాదు చేస్తే, అందులో కొంత భాగాన్ని ప్రకటనల సమయం కిందే లెక్కగట్టాలని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అంది.

అభ్యంతరాల సంగతికి పెద్ద వాదన అక్కర్లేదు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ హత్యల తర్వాత టీవీ హింస మీద గొడవ రేగింది. పెగ్గీ చారెన్ తోటి తల్లులతో కలిసి యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్ అనే సంఘం పెట్టిందీ ఆ ఏడాదే. కొట్లాటల సూపర్‌హీరోలు వెనక్కి తగ్గి, 1969 సెప్టెంబర్ 13న మరో నెట్‌వర్క్ సీబీఎస్‌లో స్కూబీ-డూ వచ్చింది. పోస్టులో ఉన్న కుక్క ఆ అభ్యంతరాల చలవే.

ఇక పోస్టు నిందించిన చట్టం, అంటే పిల్లల టెలివిజన్ చట్టం, 1990లో వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలకు వారాంతాల్లో గంటకు 10.5 నిమిషాల హద్దు పెట్టింది. వారానికి 3 గంటల విద్యా కార్యక్రమాలు ఉండాలన్న నిబంధన 1996 నాటిది. ఎన్‌బీసీ మాత్రం 1992లోనే శనివారం కార్టూన్లు ఎత్తేసింది. అసలు దెబ్బ కేబుల్‌ది. పిల్లల కేబుల్ చానల్ నికెలోడియన్ 1991లో సొంత కార్టూన్లు మొదలుపెట్టింది. అదే ఏడాది కేబుల్ చానళ్ల అధిపతి టెడ్ టర్నర్ హన్నా-బార్బెరాను కొని, 1992 అక్టోబర్ 1న కార్టూన్ నెట్‌వర్క్‌లో ఆ పాత సరుకును రోజంతా వడ్డించాడు. రోజూ దొరికేదానికి శనివారం దాకా ఆగేదెవరు? నిబంధనలు మిగిలిన గంటలను ఇంకా గిట్టుబాటు కాకుండా చేసిన మాట నిజమే. కానీ 2014 సెప్టెంబర్ 27న సీడబ్ల్యూ నెట్‌వర్క్‌లో శనివారం కార్టూన్ల కార్యక్రమం వోర్టెక్స్ ఆగేదాకా ఈ వ్యవహారం రెండు దశాబ్దాలు సాగింది. దీన్ని ఒక్క వేటు అనలేం.

ఆ పోస్టును ‘మా చిన్నప్పటి శనివారాలు’ అని పంచుకుంటున్న తెలుగువాళ్లకూ ఒక మాట. దూరదర్శన్‌లో డక్ టేల్స్, టేల్‌స్పిన్, జంగిల్ బుక్ వచ్చింది ఆదివారాలు, అదీ హిందీలో. స్కూబీ-డూ మనలో చాలామందికి పరిచయమైంది 1995లో మన దేశానికొచ్చిన కార్టూన్ నెట్‌వర్క్‌లోనే.