నాచును పొలంలో కాదు, విత్తనాల తొట్టిలో వేయండి

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం చెప్పులు క్యూలో పెట్టిన రైతుల ఫొటోలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. కొరత వచ్చినప్పుడల్లా మన నిపుణులకు నీలి ఆకుపచ్చ నాచు గుర్తొస్తుంది. బస్తాలు దిగాక మళ్లీ ఎవరికీ పట్టదు.

ఈ నాచు గాలిలోని నత్రజనిని వరి మడికి పట్టిస్తుందని శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే తేల్చారు. హెక్టారుకు 20 నుంచి 30 కిలోలని వాడుకలో ఉన్న లెక్క. అంటే ఎకరాకు పది కిలోలకు అటూ ఇటూ. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైమాటే. సగం బస్తా కోసం గుంట తవ్వు, సూపర్ ఫాస్ఫేట్ వెయ్యి, నాచు పెంచు, ఎండబెట్టు అంటే రైతు నవ్వడా? నవ్వుతాడు. ఇన్నేళ్లూ మనం నాచును యూరియాకు పేద చుట్టంలా పరిచయం చేశాం.

దాని అసలు పనితనం వేరే చోట, విత్తనం నానబెట్టే నీళ్లలో ఉంది. ఈ సూక్ష్మజీవులు మొక్కల ఎదుగుదలను నడిపే హార్మోన్లు (ఆక్సిన్లు, సైటోకైనిన్లు, జిబ్బరెల్లిన్ లాంటి పదార్థాలు), అమైనో ఆమ్లాలు, విటమిన్లు తమ చుట్టూ ఉన్న నీళ్లలోకి వదులుతాయి. వడ్ల గింజ నానినప్పుడు లోపల జరిగేది కూడా హార్మోన్ల పనే. మొలక నుంచి జిబ్బరెల్లిన్ సంకేతం వెళితే గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, పిండి చక్కెరగా మారుతుంది, మొలకకు తిండి దొరుకుతుంది. వేరు సాగడంలో, పక్క వేళ్లు రావడంలో ఆక్సిన్ చెయ్యి ఉంటుంది. ఫార్మిడియం అనే రకం నాచు సారంతో వరి ఎదుగుదల మెరుగుపడిందని 1967లోనే నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. మంచి విత్తనం ఎలాగూ మొలుస్తుంది, మొలక శాతం పెద్దగా మారకపోవచ్చు. తేడా కనపడాల్సింది వేరు పొడవులో, నారు దిట్టంగా లేవడంలో.

పొలంలో నాచు ఫలితాలు నిలకడగా రావని విమర్శ. నిజమే. ఆమ్ల నేలల్లో సరిగా ఎదగదు, నత్తలు మేస్తాయి, యూరియా చల్లితే నత్రజని పట్టడం మానేస్తుంది. చెరువుల్లో పెరిగే మైక్రోసిస్టిస్ లాంటి నాచు రకాలైతే విషం వదిలి మొలకనే కుంగదీస్తాయి. కానీ నానబెట్టే తొట్టిలో నత్తలెక్కడివి? యూరియా ఎక్కడిది? ఇక విషం సంగతి. చెరువు పాచి తెచ్చి పొయ్యమని ఎవరన్నారు? ల్యాబ్‌లో పెంచిన, పేరు తెలిసిన రకమే వాడాలి. అసలు నాచు వదిలిన విషం మొలకను కుంగదీయగలదని ఒప్పుకున్నవాళ్లు, మంచి రకం నాచు వదిలే హార్మోన్ పని చేస్తుందంటే మాత్రం ఎందుకు నమ్మరు?

మన రైతు ఎలాగూ వడ్లు ఒక రోజు నానబెట్టి, ఇంకో రోజు మొలక రావడానికి గోనెలో మండె కడతాడు. కొత్త పనేమీ లేదు, నానబెట్టే నీళ్లలో నాచు కలపడమే. (నారుమడిలో పీచులా తేలి మొక్కలను లేపేసే ఆకుపచ్చ పాచి వేరు. రైతు దానికి మైలుతుత్తం వాడితే తప్పు పట్టలేం.)

మరి ఎందుకు జరగడం లేదు? నాచులో డీలర్‌కు మిగిలేదేమీ లేదు. ల్యాబ్ నుంచి తెచ్చింది ఒకసారి గుంటలో వేస్తే అదే పెరుగుతుంది, రెండోసారి కొనక్కర్లేదు. ఎరువుల సబ్సిడీకి కేంద్రం ఏటా లక్షన్నర కోట్లకు పైగా పోస్తోంది. ఆ డబ్బంతా బస్తా వెంటే నడుస్తుంది. బస్తాలో పట్టని తెలివికి మన బడ్జెట్‌లో దక్కేది చిల్లరే. కషాయాలు, పచ్చిరొట్ట, విత్తన శుద్ధి, అన్నిటిదీ ఇదే కథ. 2021లో బయోస్టిమ్యులెంట్లను, అంటే మొక్క ఎదుగుదలను పురిగొల్పే మందులను, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు, మంచిదే. రేపు ఇదే నాచు రసం రంగు సీసాలో, పెద్ద ధరకు, అదే డీలర్ కౌంటర్ మీదికి వస్తే మాత్రం ఆశ్చర్యపోకండి.

వ్యవసాయ శాఖకు అంతకంటే ముందే ఒక పని ఉంది. వచ్చే సీజన్‌లో మండలానికొక నారుమడిని రెండు చెక్కలు చెయ్యండి. ఒకదానిలో మామూలు నీళ్లలో నానిన విత్తనం, రెండోదానిలో నాచు నీళ్లలో నానింది చల్లండి. నారు పీకే రోజు ఊళ్లో రైతులందరినీ పిలవండి. వేళ్లు వాళ్లే కొలుచుకుంటారు.