‘ఇంట్లో సామానుతోనే షోరూం ఫినిష్’ అనే మెసేజ్‌కు జవాబు

పరీక్షలు అయిపోయినప్పటి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దోస్తుల గ్రూపులన్నింట్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. పైన తళతళలాడే ఎర్రకారు ఫొటో, కింద ఎనిమిది చిట్కాలు. స్కేల్ మోడల్ కిట్టుకు (అసలు బండికి చిన్న నమూనాను ప్లాస్టిక్ ముక్కలతో కట్టుకునే సెట్టు) ఖరీదైన జిగురు, రంగులు అక్కర్లేదట. ఫెవిక్విక్, కారు టచప్ పెయింట్, థిన్నర్ ఉంటే చాలట. పిల్లలకు వేసవి సెలవుల్లో మంచి కాలక్షేపమట. ఇది తప్పని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఎవరో ఒకరు "అన్నా, ఇది చూసినవా?" అని పంపుతూనే ఉన్నారు. చూశాను. అందులో కొన్ని కిట్టును పాడుచేస్తాయి, ఒకటి మనిషినే పాడుచేస్తుంది. అందుకే వరస తప్పించి ఆరో చిట్కాతో మొదలుపెడుతున్నా.

"చివర్లో షెడ్డులో వాడే టూకే క్లియర్ కొట్టండి. ముక్కుకు కర్చీఫ్ చాలు, షెడ్డులో పోరగాళ్లు రోజూ అట్లనే కొడుతున్నారు. దుమ్ము పడకుండా తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి కొట్టండి."

టూకే అంటే బండ్లకు రంగు మీద కొట్టే పారదర్శకమైన పూత. అందులో రెండు భాగాలుంటాయి: క్లియర్ ఒకటి, హార్డెనర్ ఒకటి. రెండూ కలిసినప్పుడే అది గట్టిపడుతుంది. ఆ హార్డెనర్‌లో ఉండేది ఐసోసయనేట్. గన్నుతో కొట్టినా, డబ్బాతో కొట్టినా అది సన్నటి తుంపరై గాల్లో తేలుతుంది. థిన్నర్ వాసన ముక్కుకు తగులుతుంది కాబట్టి దూరం జరుగుతాం. ఐసోసయనేట్ హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకు తెలియదు. పీల్చగా పీల్చగా కొందరి ఒంటికి అది పడకుండా పోతుంది. ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం, ఉబ్బసం. ఆ స్థితి వచ్చాక జీవితాంతం దానికి దూరంగా ఉండాల్సిందే. బండ్లకు రంగులు కొట్టే పనివాళ్లలో ఉబ్బసానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

కర్చీఫ్ దీన్ని ఏమాత్రం ఆపదు. ఎన్95 ధూళిని ఆపుతుంది గానీ సాల్వెంట్ ఆవిరిని ఆపదు. బొగ్గు క్యాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ ఆవిరిని ఆపుతుంది గానీ, ఆ క్యాట్రిడ్జ్ ఎప్పుడు అయిపోయిందో వాసన లేని ఐసోసయనేట్ మనకు చెప్పదు. పద్ధతిగా నడిచే పెయింట్ బూత్‌లలో బయటి నుంచి పైపుతో మంచిగాలి అందే మాస్క్ పెట్టుకుని, ఒళ్లు, కళ్లు కప్పుకుని కొడతారంటే కారణం ఇదే. షెడ్డులో పోరగాళ్లకు ఏమీ కాలేదని రాసిన మనిషి, ఆ పని చేసి మానేసిన ఒక్కరినైనా ఎందుకు మానేశావని అడిగాడా? వాళ్లకు రక్షణ లేకపోవడం మన పిల్లలకు ధైర్యం ఎట్లా అవుతుంది? తలుపులు మూసిన గది, ఆగిన ఫ్యాన్, పక్కన నిలబడి చూస్తున్న పదేళ్ల పిల్లాడు. దీన్ని సెలవుల కాలక్షేపమని పంపుతున్నారు. పైగా స్ప్రే డబ్బాలో రంగును బయటికి తోసేది మండే వాయువు. మూసిన ఇంట్లో దేవుడి దీపమో, గ్యాస్ పొయ్యో వెలుగుతుంటే జరిగేది వేరే చెప్పాలా?

మోడల్ కారుకు టూకే అసలు అవసరమే లేదు. జపాన్ మోడల్ కంపెనీ టామియా అమ్మే టీఎస్-13 స్ప్రే లాంటి మామూలు లాకర్ (సాల్వెంట్ ఆవిరైతే గట్టిపడే రకం) క్లియర్ సరిపోతుంది. దాన్నీ ఆరుబయటే కొట్టాలి, గాలి మన వెనక నుంచి రావాలి, ఆవిరిని ఆపే మాస్క్ ఉండాలి. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, 15-20 సెంటీమీటర్ల దూరం నుంచి మొదటి రెండు పొరలు చల్లీచల్లనట్టు వేయాలి. పొరకూ పొరకూ మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగాలి. మొదటి పొరే తడిగా కొడితే ఆ సాల్వెంట్‌కు కింది డెకాల్ (నీళ్లలో తడిపి అంటించే సన్నటి బొమ్మ) ముడుచుకుపోతుంది. తర్వాత రెండు తడి పొరలు. వారం ఆరనిచ్చి, నీళ్లతో 2000 నంబరు వాటర్ పేపర్ (సన్నటి గరుకు కాగితం), ఆపైన 3000, చివర పాలిషింగ్ కాంపౌండ్. బానెట్ అంచులు, తలుపు గీతల పక్కన రంగు పలుచగా నిలుస్తుంది. అక్కడ నాలుగుసార్లు పేపర్ ఆడిస్తే చాలు, ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) తేలుతుంది. అంచులకు ముందే సన్నటి మాస్కింగ్ టేపు అంటించి, మధ్యభాగమే రుద్దాలి. ఫొటోలోని మెరుపు ఈ రుద్దుడుతోనే వస్తుంది.

రెండో చిట్కా, మూడో చిట్కా ఒకే గొయ్యిలోకి తోస్తాయి. "ప్రైమర్ దండగ, టచప్ పెయింట్ నేరుగా కొట్టండి. తప్పొస్తే థిన్నర్‌తో తుడవండి." టచప్ పెయింట్ రేకు కోసం చేసింది. మన కిట్టు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. ఎన్‌సీ థిన్నర్‌లో ఉండే టోలీన్ లాంటివి పాలీస్టైరీన్‌ను కరిగిస్తాయి. నమ్మనివాళ్లు ముక్కలు కత్తిరించాక మిగిలే ఫ్రేము మీద ఒక చుక్క థిన్నర్ వేసి, కాసేపాగి వేలితో నొక్కి చూడండి. పైపొర జిగటగా మారి వేలిముద్ర దిగబడుతుంది. అసలు కారు తలుపు సందు 5 మిల్లీమీటర్లనుకుంటే 1/24 స్కేలులో, అంటే అసలు కంటే 24 రెట్లు చిన్న కిట్టులో, అది 0.2 మిల్లీమీటర్లు. థిన్నర్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఆ గీత అంచులు గుండ్రబడి, సగం పూడుకుపోతుంది. మళ్లీ చెక్కాలంటే ఒక పూట పని. తప్పు పడ్డ రంగు తీయడానికి మొబైల్ రిపేర్ దుకాణాల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంది. టామియా అక్రిలిక్, టీఎస్ రంగులు అందులో కొన్ని గంటలు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదులుతాయి, ప్లాస్టిక్కుకు ఏమీ కాదు. కిటికీల్లాంటి పారదర్శక ప్లాస్టిక్ ముక్కలను మాత్రం అందులో వేయకండి, పగుళ్లు పట్టొచ్చు.

ప్రైమర్ దండగ కానే కాదు. టచప్ పెయింటే కొట్టాలని పట్టుబడితే కింద ప్లాస్టిక్ ప్రైమర్ రెండు పొరలు ఉండి తీరాలి, పైన రంగు పలుచటి పొరలుగానే పడాలి. ఎర్ర ప్లాస్టిక్కు మీద తెల్లరంగు వేస్తే కింది ఎరుపు పైకి ఊరి గులాబీ రంగు తేలుతుంది, దానికీ వెండిరంగు పొర అడ్డం ఉండాలి. టామియాలోనే టీఎస్, పీఎస్ అని రెండు రకాల డబ్బాలున్నాయి. పీఎస్ రిమోట్ కార్ల పాలీకార్బొనేట్ బాడీకి. అది కిట్టు మీద కొడితే ప్లాస్టిక్కు దెబ్బతింటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఈ రెండక్షరాలు చూసుకోండి. రంగుకు ముందు ముక్కలను సబ్బునీళ్లతో కడగాలి, అచ్చు నుంచి వచ్చిన నూనె ఉంటుంది.

నాలుగో చిట్కా, మేడ మీద ఎండలో ఆరబెట్టడం. మేలో నల్లగొండలో నీడలోనే 45 డిగ్రీలు తాకుతుంది, స్లాబ్ ఇంకెంత కాలుతుందో చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు తెలుసు. లారీ ఛాసిస్ పట్టీలు, కారు పైకప్పును మోసే సన్నటి కంబాలు ముందు వంగుతాయి. స్ప్రే డబ్బాను కూడా ఎండలో పెట్టమన్నారు. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసుంటుంది, పేలుతుంది. ఎండాకాలంలో మనవైపు రంగు పని పొద్దుగాల ఏడింటిలోపే. ఎండెక్కాక కొడితే రంగు గాల్లోనే ఆరి, బాడీ మీద గరుకు పొడిలా పడుతుంది. ముసురు పట్టిన రోజు డబ్బా ముట్టుకోవద్దు. సాల్వెంట్ ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ దిగి నిగనిగలాడాల్సిన నలుపు పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. ఐదో చిట్కా టైర్లకు కొబ్బరినూనె రాయమంది. వద్దు. లారీ టైరు మెరవదు, మెత్తటి వాటర్ పేపర్‌తో రుద్ది అచ్చుగీత, మెరుపు రెండూ తీసేయండి.

ఇక మొదటి చిట్కా: "అన్నింటికీ ఫెవిక్విక్." లోహపు రేకు ముక్కలకు, రెసిన్ ముక్కలకు అదే సరైనది. ప్లాస్టిక్కుకు ప్లాస్టిక్కు కలిపేటప్పుడు వాడాల్సింది మోడల్ సిమెంట్. అది రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. పచ్చమూత టామియా ఎక్స్‌ట్రా థిన్ అయితే ముక్కలు ముందు జోడించి, సందు దగ్గర బ్రష్ తాకిస్తే చాలు, అదే లోపలికి పాకుతుంది. తేడా బాగా తెలిసేది లారీ కిట్టులో. ఇటలేరి, రెవెల్ కంపెనీల 1/24 లారీల ఛాసిస్ అంటే రెండు పొడవాటి పట్టీలు, మధ్యలో అడ్డపట్టీలు. ఫెవిక్విక్‌తో తాకించిన చోటే బిగుస్తుంది, సవరించుకునే వ్యవధి ఉండదు. ఒక అడ్డపట్టీ వెంట్రుకంత వంకరైనా చివరికి ఒక చక్రం గాల్లో లేస్తుంది. అద్దాల దుకాణంలో ఒక చదునైన గాజుముక్క తెచ్చుకుని, ఛాసిస్ దాని మీదే పెట్టి సిమెంట్ తాకించి, నాలుగు మూలలూ గాజును ఆనుకున్నాయో లేదో చూసి, రాత్రంతా కదపకుండా వదిలేయాలి. క్రోమ్, రంగు ఉన్నచోట సిమెంట్ పట్టదు, కలిసే జాగాలో గీకేయాలి. కిటికీలకు, హెడ్‌లైట్లకు ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరి తెల్లటి మసక పొరగా కూర్చుంటుంది. అక్కడ మామూలు తెల్ల ఫెవికాల్ పుల్లతో పెట్టండి, ఆరితే కనబడదు.

డెకాల్స్‌ను బోరునీళ్లలో పావుగంట నానబెట్టమని ఏడో చిట్కా. పావుగంటలో వెనకున్న జిగురంతా కొట్టుకుపోతుంది. పది, ఇరవై సెకన్లు ముంచి, తీసి, నిమిషం పక్కన పెడితే అదే జారుతుంది. మన బోరునీళ్లు అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు, ఇక్కడ మరకలు పెట్టేది కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి గీత నిలుస్తుంది. ఆర్వో నీళ్లో, బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటరో వాడండి. కింద రంగు నిగనిగలాడేలా ఉండాలి, గరుకు రంగు మీద డెకాల్ కింద గాలి చిక్కి వెండిమెరుపు కొడుతుంది.

చివరి చిట్కా: "లారీకి దుమ్ము ఎఫెక్ట్ కోసం రోడ్డు మీది మట్టి చల్లండి." ఇందులో సగం ఒప్పుకుంటాను. మట్టి నేరుగా చల్లితే 1/24లో ఒక మిల్లీమీటరు రవ్వ 24 మిల్లీమీటర్ల కంకర అవుతుంది. కానీ పాలమూరు చెల్క ఎర్రదుబ్బను ఎండబెట్టి, నూరి, పాత నూలుచీర ముక్కలో రెండుసార్లు వస్త్రకాయం పట్టండి. దిగే పొడి డబ్బులు పెట్టి కొనే పిగ్మెంట్లకు (రంగు పొడులకు) ఏమాత్రం తీసిపోదు. జడ్చర్ల దాటి వచ్చే బండ్ల మీది రంగు ఏ విదేశీ సీసాలోనూ ఇంత సరిగ్గా దొరకదు. క్యాబిన్ పైకప్పు మీద చల్లకండి. దుబ్బ పట్టేది మడ్‌గార్డుల లోపల, ఛాసిస్ పక్కలకు, ఇంధన ట్యాంకు కింది సగానికి, అన్నింటికంటే ఎక్కువగా బాడీ వెనక తలుపుకు. బండి ఉరుకుతుంటే దుమ్మును వెనక్కి లాగేది అక్కడే. ముందద్దం మీద వైపర్ తిరిగే జాగాకు టేపు కోసి అంటించి, పొడి రుద్దాక తీసేయండి. పొడిని మెత్తటి బ్రష్‌తో అద్ది, అంచు నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వదిలితే అదే పాకి పట్టుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరేదాకా రెండో పొర వేయకండి. పైన మ్యాట్ (మెరుపు లేని) క్లియర్ కొట్టాలనుకుంటే పొడి సగం రంగు కోల్పోతుంది, అందుకు తగ్గట్టు మొదటే కాస్త ఎక్కువ పట్టించండి.