పళ్లెంలో పన్నెండు పైపులు

(ఐర్లండ్, రాస్‌కామన్ ప్రాంతం, 1922. ఇంట్లో శవం ఉంది. రాత్రంతా ఊరు వచ్చి జాగారం చేస్తుంది. వచ్చినవాళ్లకు పళ్లెంలో మట్టి పైపులు, తరిగిన పొగాకు పెట్టడం ఆనవాయితీ. పోయినాయన అన్న కొడుకు వద్దంటున్నాడు.)

అబ్బాయి: పిన్నీ, టీ పెట్టు, రొట్టె పెట్టు, కాదనను. పొగాకు మాత్రం వద్దు. ఆ డబ్బుకి విత్తనం ఆలుగడ్డలొస్తాయి.

పిన్ని: పొగాకు లేని జాగారమా! పైపు అందుకున్న ప్రతివాడూ ‘చనిపోయినవారిని ప్రభువు కరుణించుగాక’ అన్నాకే మొదటి దమ్ము లాగుతాడు. ఆ పైపులకు ఆ మాటే పేరైంది. నలభైమంది వస్తే మీ చిన్నాన్నకి నలభై ప్రార్థనలు.

అబ్బాయి: ప్రార్థనకి పొగెందుకు? మా నాన్న సంగతి మరిచావా? కింది పెదవి మీద, సరిగ్గా పైపు ఆనేచోట పుండు. ఏడాది తిరగలేదు, పోయాడు.

పిన్ని: ఎలా మరుస్తాను? కాడ చివర దారం చుట్టుకోండి బావగారూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. కాడ విరిగి వేలెడైతే సెగ నేరుగా పెదవికే తగులుతుంది.

అబ్బాయి: విరిగినా పారేశాడా? అలవాటు పారేయనిచ్చిందా?

పిన్ని: ఇటు చూడు నాయనా, పట్టుకో. గుడ్డు పెంకంత తెల్లగా, తేలిగ్గా లేదూ? నాక్‌క్రోగరీలో చేసింది. మట్టి కాడలో తీగ దూర్చి దారి చేసి, అచ్చులో నొక్కి, బట్టీలో కాల్చేవాళ్లు. 1921 జూన్‌లో బ్లాక్ అండ్ టాన్స్, ఆ బ్రిటిష్ పోలీసులు, ఆ ఊరినే తగలబెట్టారు. బట్టీలు మళ్లీ వెలగలేదు. మీ చిన్నాన్న దాచిన పన్నెండే మిగిలాయి. ఆయన కోసం కాక ఇంకెవరి కోసం తియ్యను?

అబ్బాయి: ఆ మంట నాకూ ఉంది. కానీ పొగాకు మనదా? 1830ల్లో లండన్ చట్టం చేసి మన పొలాల్లో ఆ పంటే మాన్పించింది. ఆపైన మన తాతలు కొన్న పొగాకు మీద సుంకం వాళ్ల ఖజానాకే పోయింది. పిల్లల కడుపు మాడ్చి కట్టాం!

పిన్ని: పొద్దుగూకేదాకా బురదలో నిలబడి పొయ్యిలో కాల్చే పీట్ మట్టి తవ్వినవాడికి ఆ పొయ్యి దగ్గరి దమ్మొక్కటే తనది. మా అమ్మ కూడా కాల్చేది. అది కూడా లాక్కుంటావా?

అబ్బాయి: పైపులు పన్నెండు, మనుషులు నలభై. ఒకరి నోట్లోది ఇంకొకరు పెట్టుకుంటారు. క్షయ తొక్కని గడప ఉందా మన ఊళ్లో?

(పిన్ని చాలాసేపు మాట్లాడలేదు.)

పిన్ని: నీళ్లు కాగబెట్టు. చేయి మారినప్పుడల్లా నేనే కడుగుతాను. మొదటిది మాత్రం నేను వెలిగించాలి. పొయ్యిలోంచి ఆ నిప్పు ఇటందుకో.