సవరణ: పాపాయి గది గురించి రాసినదాంట్లో రెండు తప్పులు

చెల్లి పురిటికి వస్తోందని గుంటూరులో అమ్మావాళ్లింట్లో గది సర్దిన సంగతి మొన్న రాశాను. అందులో ఊచల తొట్టి చుట్టూ లోపలివైపు మెత్తటి దూది గుడ్డ కట్టమనీ, తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెట్టమనీ చెప్పాను. రెండూ వద్దు. ఏడాది లోపు పిల్లలు పడుకునే చోట దిండు, దుప్పటి, బొమ్మలు, ఆ గుడ్డ ఏవీ ఉండకూడదు. ముఖానికి అడ్డం పడితే ఊపిరాడదు. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన పక్కగుడ్డ, వెల్లకిలా పడుకోబెట్టడం, అంతే. అమ్మమ్మ పసుపు గుడ్డతో ముచ్చటగా కుట్టిన దిండు ఇప్పుడు బీరువాలో ఉంది. ఆవిడ ఇంకా నాతో మాట్లాడట్లేదు!

రెండోది రంగు. సీసం లేని డబ్బా కొంటే టెన్షన్ లేదన్నాను. కొత్త రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉంది, నిజమే. కానీ మా పాత కిటికీ రెక్కల మీద నాలుగు పొరల పాత రంగుంది. దాన్ని పొడిగా గీకిస్తే ఆ దుమ్ములోనే సీసం ఉండొచ్చు. తడిపి గీకించండి, గర్భిణిని ఆ దరిదాపులకు రానీయకండి.

గోడకు వేసిన లేతపచ్చ మాత్రం బాగుంది, అది మార్చను.