పాత గ్యాస్కెట్ అడిగి తీసుకోండి

పది నెలల్లో ఒకే ఇంజనుకి రెండుసార్లు హెడ్, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం, దింపించాను. దానికీ కింద బ్లాకుకీ మధ్య సందు మూసే పల్చటి రేకే గ్యాస్కెట్. మొదటిసారే సరిగ్గా చేసుంటే రెండోసారి దింపాల్సిన పనే లేదు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను గానీ తగ్గేలా లేదు, రాసేస్తున్నాను.

మాది గుంటూరు. బండి మా నాన్న 1998లో కొన్న మారుతి 800, కార్బురేటర్ మోడల్. 15 ఏళ్ళు దాటిన దగ్గర్నుంచి 5 ఏళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ నడుపుతున్నాం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దీని మీదే, మా చెల్లిని పురిటికి తీసుకొచ్చింది దీంట్లోనే. అమ్మే ఉద్దేశం లేదు.

పోయిన ఏడాది మే నెలలో విజయవాడలో పెళ్ళికి బయల్దేరాం. కాజ టోల్‌గేటు దాటి తాడేపల్లి వచ్చేదాకా టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉంది. వారధి ఎక్కాక ట్రాఫిక్ ఆగిపోయింది. పావుగంట నిలబడే ఉన్నాం. నేను ముల్లు చూసేసరికి ఎర్రగీత మీద ఉంది, బానెట్ కింద నుంచి ఆవిరి. వెనక లారీ క్లీనర్ పాపం మంచి మనసుతోనే డబ్బాతో నీళ్ళు తెచ్చి మూత తియ్యమన్నాడు. నాన్న పోయనివ్వలేదు. కాలే ఇంజనులో చల్లనీళ్ళు పోస్తే అల్యూమినియం హెడ్ పగిలే ప్రమాదం ఉంది. పైగా వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. గంట సేపు ఆగాం.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. పరిగెడుతుంటే బాగుంది, ఆగితే వేడెక్కింది. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. అంటే ముందు చూడాల్సింది ఫ్యాన్. ఈ ముక్క నేను మొదటి షాపులో మొదటి నిమిషంలోనే చెప్పాను. వాళ్ళు వినలేదు.

సైలెన్సర్లోంచి తెల్లపొగ వస్తోంది, నీళ్ళు తగ్గిపోతున్నాయి. "గ్యాస్కెట్ కొట్టేసింది సార్, హెడ్ దించాలి" అన్నాడు ఆ షాపు మెకానిక్. ఆ మాట నిజమే, కాదనను. మూడు రోజులు, 7,000 రూపాయలు. బండి స్టార్ట్ అయ్యింది, పొగ పోయింది. పాత గ్యాస్కెట్ ఏదండీ అని అడిగితే పారేశామన్నారు. "థర్మోస్టాట్ కూడా తీసేశాం, మన ఎండలకి అదెందుకు" అన్నారు. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే. నేను తలూపి డబ్బులిచ్చి వచ్చేశాను.

చలికాలం గడిచింది. మార్చిలో ఎండ ముదిరేసరికి మళ్ళీ అదే కథ, ఈసారి ఇంజను తడబడుతూ, పికప్ లేకుండా. రెండో షాపుకి తీసుకెళ్తే ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండా, చెవితో విని, "ఇంజను బోరుకొచ్చింది, దీనికి ఖర్చు పెట్టడం దండగ, తుక్కు కింద ఇచ్చేయండి" అన్నారు. బోరుకొచ్చిందంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయని. ఆ రాత్రి నాన్న అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత టోయింగ్ బండి మీద విజయవాడ ఆటోనగర్ పట్టుకెళ్ళాను. అక్కడ మెకానిక్ హెడ్ మీద చెయ్యి వెయ్యలేదు. ముందు ప్లగ్గులు విప్పి, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టాడు. ఒకటో సిలిండర్ బాగుంది. రెండోదీ మూడోదీ ఒకే తీరున పడిపోయి ఉన్నాయి. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయాయంటే చాలాసార్లు ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయిందని అర్థం. తర్వాత ఆ రెండు బోర్లలోనూ చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ కొలిచాడు. రింగులో బోరో అరిగి ఉంటే ఆయిల్ సందులు మూసి ముల్లు పైకి లేవాలి. లేవలేదు. అంటే "బోరుకొచ్చింది" అన్నది అబద్ధం. ఈ పరీక్షకి అరగంట పట్టింది. ఆ అరగంట రెండో షాపు వాళ్ళు పెట్టి ఉంటే మా ఇంట్లో ఆ రాత్రి అలా గడిచేది కాదు.

ఇంట్లో మనం చూసుకోగలిగినవీ ఉన్నాయి. పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యండి. బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి దూరుతోందని అనుమానించాలి. మూత బిగించి స్టార్ట్ చేస్తే, ఇంకా వేడెక్కకుండానే, నిమిషం రెండు నిమిషాల్లో పైగొట్టం రాయిలా గట్టిపడినా అదే సంగతి. ఆయిల్ మూత కింద పాలకాఫీ రంగు మడ్డి కనపడగానే గ్యాస్కెట్ పోయిందని కొందరు భయపెడతారు. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి చలికాలంలో ఆవిరి పట్టి కూడా మూత కింద అలా అవుతుంది. డిప్ స్టిక్ మీద కూడా ఉంటే అప్పుడు భయపడాలి. అలాగని ఆయిల్ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మా బండిలో రెండుసార్లూ ఆయిల్‌లో చుక్క నీరు లేదు, గ్యాస్కెట్ మాత్రం రెండుసార్లూ కాలిపోయింది.

హెడ్ దింపి లేతు షాపుకి తీసుకెళ్ళాం. ఆయన స్కేలు అడ్డంగా, నిలువుగా, మూలకి మూల పెట్టి, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ దూర్చి చూశాడు. ఈ ఇంజనుకి 0.05 మిల్లీమీటర్ల దాకానే వంపు ఉండొచ్చు. మాదాంట్లో 0.15 మిల్లీమీటర్ల రేకు సాఫీగా దూరింది. ఆయన తల పైకెత్తి "ఇది ఇంతకుముందు దింపారు కదండీ, అప్పుడు ఫేసింగ్ ఎందుకు చేయించలేదు?" అన్నాడు. ఫేసింగంటే హెడ్ అడుగు చెక్కి చదును చెయ్యడం. నా దగ్గర జవాబు లేదు. అల్యూమినియం వేడికి సాగడం కాస్ట్ ఐరన్‌కి సుమారు రెట్టింపు. కింద ఇనుప బ్లాకు, పైన అల్యూమినియం హెడ్, బోల్టులతో బిగించి ఉంటాయి. ఒకసారి బాగా హీటెక్కితే హెడ్ వంగుతుంది. ఆ వంకర హెడ్డు కింద కొత్త గ్యాస్కెట్ పెట్టడమంటే ఒరిగిన గోడకి సున్నం కొట్టడమే. మొదటి షాపు చేసింది అదే.

ఆటోనగర్ మెకానిక్ పాత గ్యాస్కెట్ నా చేతిలో పెట్టి చూపించాడు. రెండో బోరుకీ మూడో బోరుకీ మధ్య సన్నటి పట్టీ కాలి తెగిపోయింది, అక్కణ్ణుంచి నీళ్ళ రంధ్రం దాకా నల్లటి చార. ఏం జరిగిందో మొత్తం ఆ రేకు మీదే ఉంది. మొదటిసారి దాన్ని చూసినవాళ్ళెవరికైనా హెడ్‌ని లేతుకి పంపాలనే ఆలోచన రావాలి. అందుకే అడుగుతున్నాను, మీ పాత గ్యాస్కెట్ మీరు తీసుకోండి. అది మీ సొమ్ము.

ఫేసింగ్ అయ్యాక బ్లాకు మీద పాత అతుకులు గీకి, బోల్టు రంధ్రాల్లో నీళ్ళూ ఆయిలూ గాలితో ఊదేశారు. రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే దానికి పోయే దారిలేక బ్లాకే చీలొచ్చు. తర్వాత మధ్య బోల్టుల నుంచి చివర్లకి, మూడు విడతలుగా, ఎంత బిగిందో కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించారు. "చేతికి తెలుస్తుందిలే సార్" అనే మాట అక్కడ వినపడలేదు. ఎలాగూ విప్పారు కాబట్టి టైమింగ్ బెల్టు కొత్తది వేయించాను. ఈ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది, అయినా ఆటోనగర్‌లో గ్యాస్కెట్ సెట్టు కోసం రెండు షాపులు కూడా తిరగక్కర్లేకపోయింది.

ఇక అసలు దొంగ. ఇంజను బిగించి, వేడెక్కనిచ్చి, ఫ్యాన్ కోసం చూశాం. తిరగలేదు. ఫ్యాన్‌కి నేరుగా కరెంటు ఇస్తే తిరిగింది. పోయింది ఫ్యాన్ స్విచ్, నీళ్ళు వేడెక్కగానే ఫ్యాన్‌ని తిప్పేది. 400 రూపాయలు. మే నెలలో వారధి మీద పోయింది కూడా అదే. మొదటి షాపు వాళ్ళు దాన్ని చూడకపోగా థర్మోస్టాట్ పీకేశారు. చలికాలమంతా ఇంజను వేడెక్కక, పెట్రోలు ఎక్కువ తాగి, రోగం కనపడకుండా దాక్కుంది. థర్మోస్టాట్ మళ్ళీ పెట్టించాను. బోరు నీళ్ళు కూడా మానేశాను. మా వీధి బోరు నీళ్ళకి గిన్నెల అడుగునే తెల్లగా ఉప్పు కడుతుంది, రేడియేటర్ సన్నగొట్టాల్లో ఏం కడుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

మెకానిక్‌లందరినీ అనట్లేదు. నా బండి బతికింది ఒక మెకానిక్ వల్లే. పరీక్ష చెయ్యకుండా హెడ్ దించేవాళ్ళని అంటున్నాను. ఎందుకు హీటెక్కిందో చెప్పకుండా బిల్లు చేతిలో పెట్టేవాళ్ళని, ఇరవై ఏళ్ళు దాటిన బండి కనపడితే తుక్కు ధర చెప్పేవాళ్ళని అంటున్నాను. గ్యాస్కెట్ దానంతటది ఊరికే కాలదు. ముందు ఫ్యానో, పంపో, మూతో, గొట్టమో పాడవుతుంది, దెబ్బ గ్యాస్కెట్ మీద పడుతుంది.

ఆ రేకు ఇప్పుడు మా షెడ్డులో మేకుకి వేలాడుతోంది. గుంటూరులో ఎవరికైనా బండి ఇలాగే హీటెక్కుతుంటే రండి, చూపిస్తాను. కాలిన చోట వేలు పెడితే ఇప్పటికీ మసి అంటుతుంది.