దొర పేరు గోడ మీద, పేరయ్య ఎక్కడ?

ఒంగోలు జెవెట్ మెమోరియల్ బాప్టిస్టు సంఘం చరిత్ర ఎవరిని అడిగినా ఒకే వరసలో చెబుతారు. అమెరికా బాప్టిస్టు మిషనరీ జెవెట్ దొర కొండెక్కి ప్రార్థన చేశాడు, తర్వాత ఇంకో మిషనరీ క్లౌ దొర వచ్చాడు, కరువులో కాలవ తవ్వించాడు, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. సండేస్కూలు పిల్లలకు నేర్పేదీ ఇదే. ఊళ్లో ఆయన పేరు మీద క్లౌపేట కూడా ఉంది.

అందులో బాప్తిస్మం ముక్క తప్పు. ఆ రోజు గుండ్లకమ్మ నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు.

1878 జూలై 3, వెల్లంపల్లి రేవు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకసారికి ఇద్దరు చొప్పున ఏట్లోకి దిగారు. ఒడ్డున ఉన్నవాళ్లు జాబితా చూసి పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే నీళ్లలోకి నడిచొచ్చారు. దిగిన ఇద్దరూ అలిసిపోతే ఇంకో ఇద్దరు. పొద్దున మొదలుపెట్టి, ఎండ ముదిరాక ఆపి, మళ్లీ సాయంత్రం దాకా సాగింది. ఒక్కో బోధకుడి చేతుల మీదుగా సగటున 370 మంది. ముందు రోజూ తర్వాత రోజూ కలిపితే మూడు రోజుల్లో 3,536 మంది. క్లౌ గట్టున ఉండి పని చూసుకున్నాడు.

ఇంత చిన్న పొరపాటు పట్టుకుని వ్యాసం రాయాలా అంటే, రాయాలి. మన సంఘాల్లో ఇప్పుడు నడుస్తున్న తగాదాలు కొత్తగా చెప్పక్కర్లేదు. పాస్టరు ఎన్నిక వస్తే రెండు వర్గాలు, మిషన్ స్థలాల మీద దశాబ్దాలుగా కోర్టు వాయిదాలు, ఆదివారం గేటు దగ్గర పోలీసులు. వీటికి దురాశ ఒక్కటే కారణమని అందరూ తేల్చేస్తారు. నా లెక్కలో అసలు జబ్బు వేరే ఉంది. సంఘాన్ని ఎవరో ఒక పెద్దమనిషి కట్టాడని మనం నమ్మాం. అలా నమ్మినవాళ్లకు ఎప్పుడూ ఇంకో పెద్దమనిషి కావాలి. దొర వెళ్లిపోయాక ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. కొట్లాటంతా ఆ కుర్చీ కోసమే.

ఎర్రగుంట్ల పేరయ్య సంగతి చూడండి. తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. క్రీస్తు మాట చెవిన పడకముందే ఆయన రాజయోగం సాధన చేసినవాడు, దగ్గర శిష్యులు కూడా ఉండేవాళ్లు. ఆ యోగం ఆయనకు నేర్పింది బండికట్ల వీరమ్మ అనే ఆడమనిషి. క్లౌ రెండో భార్య ఎమ్మా, ముసలి బోధకులను కూర్చోబెట్టి ఈ కథలన్నీ అడిగి రాసి 1899లో అచ్చు వేయించింది కాబట్టి మనకు తెలిశాయి, లేకపోతే అవీ పోయేవి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లిన పేరయ్యకు అక్కడి అలెగ్జాండర్ దొర మాటలు తగిలాయి. ఒంగోలుకూ ఒక దొర వస్తాడని ఆయనే చెప్పాడు. అంటే క్లౌ రాకముందే పేరయ్య ఆయన కోసం చూస్తున్నాడు. ఎవరు ఎవర్ని వెతుక్కుంటూ వచ్చినట్టు?

1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి పేరయ్య చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషుల్ని పోగుచేసి ఉంచాడు. దొర వెళ్లి చెప్పింది ఐదు రోజులు, అంతకుముందు పేరయ్య నడిచి చెప్పింది నెలల తరబడి.

నిజానికి క్లౌ మొదట్లో ఆశపడింది ఒంగోలు పై కులాల మీద. వాళ్లూ బడికి పిల్లల్ని పంపారు, మంచిగానే ఉన్నారు. మాదిగలు గుంపుగా రావడం మొదలయ్యాక, వాళ్లను చేర్చుకుంటే మేం రామని తెగేసి చెప్పారు. దొర, దొరసాని చెరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని, మొదటి కొరింథీ మొదటి అధ్యాయమని, లోకంలో నీచులను దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలని ఇప్పటికీ ప్రసంగాల్లో చెబుతారు. చెప్పనివ్వండి, అందమైన సంగతే. కానీ ఆ బైబిలు తెరవాల్సిన అవసరం తెచ్చింది ఎవరు? ఈ సంఘం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు పేరయ్య ముందే ఇచ్చేశాడు. దొర ఒప్పుకున్నాడు, అంతే.

ఇక ఖరీదు ఎవరు కట్టారో చూడండి. చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. రాసుకుంటే మూడు వాక్యాలు. పల్లెలో బతికేవాడికి మాత్రం మూడూ మూడు యుద్ధాలు. ఆదివారం పొలంలోకి దిగకపోతే ఆసామి ఊరుకోడు. జాతరకు డప్పు కొట్టనంటే ఊరే ఊరుకోదు. బావి నీళ్లు ఆపారు, పనుల్లోకి పిలవడం మానేశారు. ఇవన్నీ ఓర్చుకుని నిలబడ్డవాళ్లలో చాలామందికి సంఘంలో ఏ పదవీ లేదు.

క్లౌ లేకపోతే ఏమయ్యేదో చెప్పమని కొందరు అడుగుతారు, న్యాయమే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ మీద మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి కూలి పెట్టిన మనిషి ఆయన. గంజి కోసం మతం మారారన్న నింద రాకూడదని కరువు నడిచిన ఏడాదికి పైగా ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ నిగ్రహానికి దండం పెట్టాల్సిందే. బడీ ఆసుపత్రీ ఆ మిషన్ చలవే. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, మిగతావాళ్లను అంత తక్కువ చేసి మాట్లాడొద్దనే నా గోల.

అసలు మెచ్చుకోవలసింది క్లౌ పాత మాదిగ పెద్దరికాన్ని చెడగొట్టకపోవడాన్ని. పల్లె పెద్దలనే సంఘ పెద్దలుగా ఉండనిచ్చాడు. బోధకుడికి మిషన్ ఇచ్చేది కొంత, పల్లె పెట్టేది కొంత. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలు చేరి, ఏ ఊళ్లో ఏం జరిగిందో నలుగురి ముందు చెప్పుకునేవాళ్లు. ఈ కాలం భాషలో రివ్యూ మీటింగు. పల్లె గింజ తినే బోధకుడు పల్లెకు జవాబు చెప్పక తప్పదు. ఇప్పటి మన సంఘాల రాజ్యాంగాల్లో, బైలాల్లో, రిజిస్ట్రేషన్ కాగితాల్లో లేనిది ఈ ఒక్కటే.

మా అమ్మమ్మ వాళ్ల ఊరి సంఘంలో ఇది నేను కళ్లారా చూశాను. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసేది. శనివారం రాత్రి ఆ డబ్బా పాత చీర ముక్కలో మూట అయ్యేది. ఆదివారం ఆరాధన అయ్యాక వేలం పాట. గుడ్లు, సొరకాయ, మునక్కాయల కట్ట, గుప్పెడు గుప్పెడుగా చేరిన బియ్యం. పాటలో డబ్బు ఎంత వచ్చిందో అక్కడే గట్టిగా చెప్పి, రాసేవాళ్లు. ఒకసారి పాస్టరమ్మ పాట లేకుండానే సొరకాయ తీసుకెళ్లబోతే మా అమ్మమ్మ, ‘అమ్మా, పాట కానీ’ అంది. పాస్టరమ్మ నవ్వి కింద పెట్టేసింది. చదువు రాని ముసలామె చేసిన ఆ ఆడిట్ ఈ రోజు పట్నం చర్చిల్లో ఎవరు చేయగలరు? కానుక క్యూఆర్ కోడ్‌లో పడుతుంది, ఎవరి అకౌంట్లోకో అడిగితే విశ్వాసం లేనివాడంటారు.

ఈ దొర జబ్బు చర్చికే పరిమితం అనుకోకండి, తెలుగువాళ్లందరికీ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట అంటే కాటన్ దొర. గోదావరి జిల్లాల్లో విగ్రహం లేని ఊరు వెతకాలి. ఆయన పక్కన పనిచేసిన వీణెం వీరన్న పేరు ఎందరికి తెలుసు? రాళ్లు మోసిన కూలీల సంగతి సరేసరి. తెలుగు గ్రంథాలు బతికించింది బ్రౌన్ దొర అంటాం. కడప బంగళాలో తాళపత్రాలు పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య పేర్లు తెలుగు ఎమ్మే చదివినవాళ్లకు మాత్రం గుర్తుంటాయేమో. పండితుడికే ఆ గతి పడితే పేరయ్యకు, వీరమ్మకు దక్కేదేముంది? దొరలు వెళ్లి డెబ్బై ఎనభై ఏళ్లయినా చరిత్రను దొరల లెక్కలోనే రాసుకుంటున్నాం, నాయకుడంటే పైనుంచి దిగేవాడనే ఓటు వేసేటప్పుడు కూడా అనుకుంటున్నాం.

ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున మోకరించింది ఐదుగురు. జెవెట్, ఆయన భార్య, ఇంకో ముగ్గురు తెలుగువాళ్లు: నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు మనవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. అయినా చర్చి పేరు ఎవరిదో తెలిసిందే. పేరు మార్చమని నేను అడగడం లేదు, అదో కొత్త కోర్టు కేసు అవుతుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా ఒక పెద్దాయన్ని ఆపి, గుండ్లకమ్మలో దిగిన ఆ ఆరుగురి పేర్లు అడిగి చూడండి. ఇప్పటి కమిటీ పేర్లయితే అడగక్కర్లేదు, ప్రెసిడెంటు నుంచి ట్రెజరర్ దాకా ఫొటోలతో సహా ఫ్లెక్సీ మీదే ఉంటాయి.